వాన పడని కాపీ

పోయిన వారం మనం నవనీతను కొల్లాపూర్ అవతల మామిడికాయల షెడ్డు గుమ్మంలో, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. మనమంతా హాయిగా ఇళ్లకు పోయి అన్నాలు తిన్నాం, కునుకులు తీశాం. ఆ పిల్ల మాత్రం మే నెల ఎండలో ముఖం కందగడ్డ చేసుకుని అక్కడే నిలబడి ఉంది. ఇంకా ఎండలో ఉంచడం పాపం. లోపలికి పంపుదాం.

ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నవనీత, ఉదయ్ కిరణ్ కాలేజీ నాటి స్నేహితులు. వనపర్తిలో మోటార్ల వైండింగ్ షాపు మీద రేకుల గది ఒకటి అద్దెకు తీసుకుని, ఏళ్ల తరబడి కూర్చుని ‘పదును’ అనే ఫోన్ ఆటను తయారు చేశారు. తుపాకులు పేల్చే ఆట కాదు, బుర్ర పెట్టి ఆడే ఆట. నలుగురు ఆటగాళ్లు, నలుగురికీ తలా ఒక ఊరు. ఏ చెలకలో ఏం వేయాలి, ఏ గింజ దాచాలి, ఏది అమ్మాలి, పక్క ఊరిని ఎప్పుడు దెబ్బ కొట్టాలి, అన్నీ ఎత్తులూ పైఎత్తులే. చివరికి ఎవరి ఊరు నిలిస్తే వాళ్లు గెలిచినట్టు. ఫోన్లు పక్కపక్కన పెట్టుకుంటే చాలు, ఆడుకోవడానికి నెట్ కూడా అక్కర్లేదు. ఒక్కరే ఉంటే మిగతా ఊళ్లను ఆటే నడుపుతుంది. ఆట బయటికి వచ్చిందో లేదో, దాని దొంగ కాపీ అచ్చంపేట నుంచి ఉప్పునుంతల దాకా ఫోన్ నుంచి ఫోన్‌కు పాకిపోయింది. కొన్నవాళ్లు కొందరు. ఆడేవాళ్లు ఊరంతా.

నవనీత చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. దొంగ కాపీలో మొదటి పంట తర్వాత వాన పడకుండా బందోబస్తు చేయించింది. ఆట లోపల ఒక కాపలావాడు కూర్చుని ఉంటాడు. ఆటలు అమ్మే స్టోర్‌ను నెట్‌లో పలకరించి, ఈ ఫోన్ మనిషి ఆటను కొన్నాడా లేదా అని అడుగుతాడు. కొన్నాడంటే వాన. లేదంటే కరువు. “జవాబే రాకుంటే?” అని ఉదయ్ కిరణ్ అడిగాడు. “జవాబు చెప్పనోడు దొంగే. గట్లనే రాయ్” అంది. అతను రాశాడు. ఆ తర్వాత స్టోర్‌లో ఎవరైనా “వాన పడుతలేదు” అని ఫిర్యాదు పెడితే నవనీతకు పండగే. “దొరికిండు ఇంకొక దొంగ!” అని చప్పట్లు కొట్టి, ప్రతి ఫిర్యాదు కిందా ఒకటే జవాబు వరసగా అతికించుకుంటూ పోయేది: “దొంగతనంగా ఆడేవాళ్ల ఊళ్లో వానలు పడవు.”

ఆ చప్పట్లతో అద్దె గది నిలవదు కదా. రేపు సోమవారం ఉదయ్ కిరణ్ హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో చేరిపోతున్నాడు. అతను పోతే ‘పదును’ పని ఆగిపోతుంది, గదికి తాళం పడుతుంది, నవనీత బతుకులో ఇష్టపడి చేసిన ఒకే ఒక్క పని అక్కడితో సరి. పోనీ ఈ బాధ అమ్మతో చెప్పుకుందామా అంటే, గద్వాలలో ఉన్న తల్లి జమ్ములమ్మ ఈ మధ్య సరిగ్గా మాట్లాడటమే లేదు. ఇంట్లో సిగ్నల్ అందక రోజూ సాయంత్రం మిద్దె ఎక్కి మరీ బిడ్డకు ఫోన్ చేసే మనిషి, ఆట విడుదలైన కొన్నాళ్లకు మిద్దె ఎక్కడమే మానేసింది. మంచి నౌకరీ వదులుకున్నానని అమ్మకు కోపం వచ్చింది కాబోలు అని నవనీత సరిపెట్టుకుంది. ఇక ఆఖరి ప్రయత్నంగా, కాపీలు పంచుతున్నది అచ్చంపేట సెల్ షాపు జితేందర్ అని కనిపెట్టి, ఆదివారాలు అతను ఈ షెడ్డులో ఉంటాడని తెలిసి, ఉదయ్ కిరణ్ బండి వెనక కూర్చుని వచ్చింది. గుమ్మంలో చెప్పు తెగింది. లోపలి నుంచి ఒక్కసారిగా కేకలు వినిపించాయి. అదీ సంగతి.

ఇప్పుడు లోపలికి.

నవనీత ఊహించుకున్నది వేరు. చీకటి గది, వైర్లు, దొంగచూపుల మనుషులు. ఇక్కడేమో షెడ్డు నిండా బేనిషాన్ మామిడికాయల వాసన. ఒక పక్క వరిగడ్డి, ఇంకో పక్క పండ్ల ట్రేలు, మధ్యలో బోర్లించిన ట్రే మీద నాలుగు ఫోన్లు. వాటి చుట్టూ కాయలు ఏరడం మాని, మెడలు సాచి మూగిన జనం. ఫోన్ల ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ ఇందిరమ్మ, ఈ తోటను గుత్తకు పట్టింది ఆవిడే. ఆమె ఎదురుగా బుచ్చన్న, ఏటా కూలీల గుంపును ముంబైకి తీసుకుపోయే మేస్త్రీ. పక్కన సౌందర్య, డిగ్రీ చదువుతూ సెలవుల్లో కాయలు ఏరడానికి వచ్చిన పిల్ల. నాలుగో మనిషి, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకున్నవాడు, జితేందరే అయ్యుండాలి.

“ఎవరిక్కడ జితేందర్?” నవనీత గొంతు రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చింది.

ఒక్క తల కూడా లేవలేదు. ఇందిరమ్మ చెయ్యి మాత్రం లేచింది. “జర ఆగు బిడ్డా. నా ఊరు ఆకలితోని ఉంది. ఈడ కూసోని కాయ తిను.”

“నేను కాయలు తిననీకి రాలే పెద్దమ్మా!”

“తినకుంటె నిలవడు. గని చప్పుడు చెయ్యకు.”

యుద్ధానికి వచ్చిన మనిషిని వరసలో నిలబడమంటే ఎలా ఉంటుంది? నవనీతకు అలాగే ఉంది. సాయం కోసం వెనక్కి తిరిగి చూసింది. ఉదయ్ కిరణ్ అప్పటికే వరిగడ్డి మీద చతికిలబడి, కాయ చీక్కుంటూ ఉన్నాడు. రసం మోచేతి దాకా కారుతోంది.

చేసేది లేక ఆమె కూడా మెడ సాచింది. నాలుగు ఫోన్లలోనూ నేల బీటలు వారి ఉంది. చెట్లకు ఆకుల్లేవు, బావిలో నీళ్లు అడుక్కు పోయాయి. అంటే కాపలావాడు పని చేశాడన్నమాట. ఆమె లెక్క ప్రకారం కరువు మొదలైన రెండో ఏడే ఊళ్లు కుప్పకూలాలి, ఆడేవాడు విసుగెత్తి ఆటను కొనుక్కోవాలి. ఇక్కడ జరుగుతున్నదేమో ఆటలోని ఆఖరి ఏడు. ఏళ్ల తరబడి వాన లేదు. అయినా నాలుగు ఊళ్లలోనూ పొయ్యిల్లోంచి పొగ లేస్తూనే ఉంది.

కోపం ఎక్కడికి పోయిందో, తయారు చేసిన మనిషి కుతూహలం పైకి వచ్చింది. “ఎట్ల బతికిన్రు?” అంది.

“చేబదులు అక్కా” అంది సౌందర్య, తెర మూలన ఉన్న చిన్న గిన్నె బొమ్మను చూపిస్తూ.

నవనీత ఆ గిన్నె మీదికి వంగింది. పక్కింటికి పోయి సోలెడు బియ్యం తెచ్చుకోవడం, ఉన్ననాడు తిరిగి ఇచ్చేయడం. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. అమ్మ చేస్తుంటే చిన్నప్పటి నుంచి చూసింది కదా అని, ముచ్చటకు ఆ గిన్నెను ఒక మూలన పెట్టింది. తయారీలో ఉండగా ఆడి చూసిన హైదరాబాద్ స్నేహితుల్లో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. పక్క ఊరిని కొట్టడమే సరిపోయింది వాళ్లకు. వీళ్లేమో ఆ గిన్నెను అరిగిపోయేలా వాడారు. ఒకరి దగ్గర గింజలుంటే ఇంకొకరి దగ్గర గడ్డి, ఒకరికి బావి మిగిలితే ఇంకొకరికి ఎడ్లు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉన్నాయి.

“మీరు ఆడుతున్నది దొంగ కాపీ. దాంట్ల వాన కావాలనే బంద్ పెట్టినం మేము!” అంది నవనీత.

ఇప్పుడు అందరి తలలూ లేచాయి. తర్వాత షెడ్డంతా నవ్వు.

“కావాల్నని బంద్ పెట్టిండ్రా?” బుచ్చన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. “ఊర్ల ఆట అంటే గిట్లనే ఉంటదనుకున్నం చెల్లె మేము.”

“వాన పడకుంటె ఆట చెడిపోయిందనుకోలేదా అన్నా?”

“వాన పడకుంటె పాలమూరు చెడిపోయిందనుకుంటమా?”

ఇంకే ఊరివాళ్లకైనా ఈ ఉచ్చు పనిచేసేది. వాన లేని ఆట ఏం ఆట అని విసిరికొట్టేవాళ్లు. కరువులోనే పుట్టి పెరిగిన ఈ పాలమూరు జిల్లాల మనుషులకు కరువును శిక్షగా పెట్టడం, చేపను ముంచుతానని బెదిరించడం ఒకటే. తాను గద్వాల పిల్ల అయ్యుండి కూడా ఆ సంగతి తట్టనందుకు ఆమెకు తన మీద తనకే నవ్వొచ్చింది. కానీ నవ్వితే వచ్చిన పని చెడుతుంది. పళ్లు బిగించి జితేందర్ వైపు తిరిగింది.

“జితేందర్ అన్నా, మేము కష్టపడి చేసిన ఆటను ఫుకట్‌గ పంచనీకి నీకేం హక్కుంది?”

జితేందర్ లేచి నిలబడ్డాడు. మనిషి సన్నగా ఉన్నా మాట గట్టిదే. “హక్కు ముచ్చట కాదక్కా. నేను తాళం పలగ్గొట్టలే. నాకెవరో పంపిండ్రు, అడిగినోళ్లకు నేను పంపిన. ఒక్కలతాన గూడ పైస తీస్కోలే, ఒట్టు. ఇది పెరుగు తోడసొంటిది. పక్కింటోళ్లు గిన్నె పట్టుకొస్తే తోడు లేదంటమా? తోడుకు ఎవరన్న పైసలు అడుగుతరా?”

“గదైతే నిజమే” అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నిజమే మరి. తోడు లేదన్న ఇల్లు ఈ పక్కన ఎక్కడుంది?

నవనీత చట్టం గురించి, కేసుల గురించి ఏవేవో మాటలు దారి పొడుగునా నోట్లో నూరుకుంటూ వచ్చింది. అవన్నీ మరిచిపోయింది. ఇప్పుడు ఆమె నోట వచ్చినవి వాళ్లమ్మ మాటల్లా ఉన్నాయి.

“తోడుకు అడగరన్నా, ఒప్పుకుంట. మరి పాలు యాడికెల్లి వస్తయి? బర్రెకు గడ్డేసెటోళ్లెవరు? ఊరంత వచ్చి తోడు తీస్కపోయి, బర్రె దిక్కు ఒక్కలు సూడకుంటె అది వట్టిపోతది. పెద్ద పెద్ద కంపెనీలకు మందలు మందలు ఉన్నయి. ఒకటి వట్టిపోతే వాళ్లకు ఫరక్ పడదు. మాకున్నది ఒకటే బర్రె అన్నా. అగో, ఆ గడ్డి మీద కూసోని కాయ తింటుండే, ఆయన రేపు హైదరాబాద్ పోతుండు. ఆయన పోతే ‘పదును’ల ఇంకొక కొత్త ఊరు పుట్టదు. మీ ఫోన్లల్ల ఉన్న తోడు పులిసిపోతది. మళ్ల తోడేస్తమంటె పాలుండయి.”

ఇందిరమ్మ కళ్లజోడు ముక్కు మీదికి దించి ఉదయ్ కిరణ్‌ను ఎగాదిగా చూసింది.

“పోతున్నవా బిడ్డా?”

“ఆ... పోతున్న పెద్దమ్మా.”

“పోయెటోడివి కాయ గంత తీపిగ ఎట్ల తింటున్నవ్?”

ఉదయ్ కిరణ్ తేలు కుట్టిన దొంగలా టెంకను గడ్డిలోకి తోసేశాడు.

జితేందర్ మెడ గోక్కున్నాడు. అతని గొంతులోని గట్టిదనం జారిపోయింది. “అక్కా, నిజం చెప్తున్న. ఆటలంటే అమెరికాలనో చైనాలనో అద్దాల బిల్డింగులల్ల చేస్తరనుకున్న. మనోళ్లు చేసిండ్రని తెల్వదు. మీది యాడ?”

“వనపర్తి. మోటార్ల వైండింగ్ షాపు మీద.”

“వైండింగ్ షాపు మీదనా? మా అన్న బోరు మోటరు ఆడనే చుట్టిస్తడు గదా! పైన రేకుల రూము, బయట ఎర్ర బకెట్ ఉంటది...”

“గదే.”

జితేందర్ చతికిలబడ్డాడు. “అయ్యో, గా రూములకెల్లి వచ్చిందా!” అన్నాడు. ఎక్కడో సముద్రాల అవతలి వాళ్ల సొమ్ము తింటున్నానని కులాసాగా ఉన్న మనిషికి, తిన్నది పక్కింటి ముద్ద అని తెలిసినట్టయింది.

“పంచాయితీ తర్వాత చేస్కుందురు” అని ఇందిరమ్మ గదమాయించింది. “ఆట నడుస్తుంది ఈడ. బుచ్చన్నా, నీ వంతు.”

బుచ్చన్న వేలు జొన్నల బస్తా మీద తచ్చాడుతోంది. సంతలో ధర మంచిగా ఉంది. అమ్మితే అతని ఊరు ఆఖరి ఏడు సులువుగా దాటుతుంది. కానీ ఇందిరమ్మ ఊరికి గింజల్లేవు, ఆ ఊరు పోతుంది. బుచ్చన్న ఒక్కడే గెలుస్తాడు. జనం ఇంకా ముందుకు వంగారు.

“అమ్మకన్నా!” అని అరిచింది ఎవరో కాదు, నవనీతే. “పెద్దమ్మకు ఇయ్యి. ఆమెతాన ఎడ్లున్నయి. ఆ ఎడ్లు ఈ పిల్లకు పోతే బావి పూడిక తీస్తది, నీళ్లొస్తయి. నీళ్లొస్తే నీ చెలక బతుకుతది!”

“నువ్వు మా దిక్కా, వాళ్ల దిక్కా?” అన్నాడు జితేందర్.

“నోరు మూసుకోని నీ గడ్డి నువ్వు పంపు!” అంది నవనీత. అప్పటికే ఆమె ట్రే ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. తెగిన చెప్పు ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు.

జొన్నలు ఇటు పోయాయి. ఎడ్లు అటు పోయాయి. గడ్డి వచ్చింది. బావిలో చెంబెడు నీళ్లు ఊరాయి. నాలుగు ఊళ్లూ ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ, ఆఖరి ఏడు గడప దాటాయి. ఓడినవాడు లేడు. గెలిచినవాడూ లేడు.

నాలుగు తెరలూ ఒకేసారి నల్లబడ్డాయి.

“అయిపాయె” అన్నాడు బుచ్చన్న నీరసంగా. “బ్యాటరీ...”

టప్ మని ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆ నలుపు నలుపు కాదు, మబ్బు. నాలుగు ఫోన్లలోనూ కలిసికట్టుగా వాన మొదలైంది. రేకుల మీద పడే వాన, చెవులు గింగురుమనే వాన. బీటలు మూసుకున్నాయి, ఎండిన మోడుకు ఆకు పుట్టింది. షెడ్డు లేచి నిలబడింది. ఒకరు కండువా ఎగరేశారు, ఒకరు ట్రే మీద దరువేశారు. ఇందిరమ్మ రెండు చేతులూ జోడించి ఫోన్‌కు దండం పెట్టింది. సౌందర్య బుచ్చన్న భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. ఆ గోల మధ్యలో, ఫోన్లలోని వాన చప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినిపించింది: “ఉదయ్! బకెట్ తే! కంప్యూటర్ మీద కారుతుంది! బకెట్ తే!” ఆ వెంటనే పగలబడి నవ్వు.

“ఎవరో బకెట్ అడుగుతుండ్రు!” అన్నాడు జితేందర్ బిత్తరపోయి.

ఆ గొంతు నవనీతదే. వనపర్తి గదిలో దిగిన మొదటి ఏడు, మొదటి వాన. కప్పు కారితే ఇద్దరూ ఎర్ర బకెట్ పట్టుకుని గదంతా పరుగెత్తారు. కంప్యూటర్ తడిసినా ఎందుకో ఆరోజు ఇద్దరికీ నవ్వు ఆగలేదు. దాన్ని ఇతను రికార్డు చేసినట్టు కూడా ఆమెకు తెలియదు. అసలు ఆటలో ఉన్న వాన చప్పుడు ఇది కాదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నవనీత మాత్రం పట్టింది. ఉదయ్ కిరణ్ షెడ్డు కప్పు వైపు చూస్తూ, తనకేమీ తెలియనట్టు నిలబడ్డాడు.

“నేను వాన బంద్ పెట్టుమన్న” అంది.

“పెట్టిన.”

“మరి ఇదేంది?”

“నలుగురు ఒకల్నొకలు బతికిచ్చుకుంటె పడుమని రాసిన.” అతను గడ్డి పోచ ఒకటి తుంచాడు. “మొత్తానికే వాన పడని ఆట చెయ్యనీకి చెయ్యి రాలే నవనీతా. గంత దూరం ఎవ్వలు రారనుకున్న. అందుకే నీకు చెప్పలే.”

ఆమెకు సంతోషంతో కళ్లు నిండాయి. ఇన్నాళ్లూ అతను ఉద్యోగం మాట ఎత్తినప్పుడల్లా “నీ ఇష్టం” అనే అంది. అభిమానం అడ్డొచ్చింది. అడగనిదే అమ్మైనా పెట్టదని ఆ క్షణాన తట్టింది.

“పోకు ఉదయ్” అంది, అందరూ వింటుండగానే. “నువ్వు లేకుంటె నాతోని కాదు. కాదు, అయితదేమో గని నాకు వద్దు. పోకు.”

ఉదయ్ కిరణ్ ముఖంలో నవ్వు మెల్లగా విచ్చుకుంది. “ఈ మాట వనపర్తిలనే అనుంటె ఇంత ఎండల వచ్చెటోళ్లం కాదు గదా” అన్నాడు. జనం ఈలలు వేశారు, ఎందుకు వేస్తున్నారో సగం మందికి తెలియకపోయినా.

జితేందర్ ముందుకు వచ్చాడు. “అక్కా, ఊరూర తిప్పింది నేనే, ఊరూర చెప్పేది గూడ నేనే. ఆడిన ప్రతి ఒక్కలతోని కొనిపిస్త. దీన్ని గూడ చేబదులే అనుకో. ఆకలికి తీస్కున్నం, తిరిగిస్తం. ఎగ్గొట్టెటోళ్లం కాదు.”

“ముంబైల ఉన్న మా గుంపంత దీని మీదనే ఉంది” అన్నాడు బుచ్చన్న. “నేను చెప్తే ఒక్కడు కాదనడు. గని చెల్లె, మాకు ఈ కరువు ఆటనే కావాలె. వాన పడేది వద్దు.”

నవనీతకు అంత ఆనందం కలిగి ఎన్నాళ్లయిందో. ఉదయ్ కిరణ్ అయితే అప్పుడే ఫోన్ తీసి, హైదరాబాద్ కంపెనీకి రావడం లేదని రాసేశాడు. పంపబోతే పోలేదు. ఫోన్‌ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చెయ్యి పైకెత్తాడు.

ఇందిరమ్మ నవ్వింది. “ఈ తోటల సిగ్నల్ యాడిది బిడ్డా? ఎనక గుట్ట ఎక్కాలె. ఆట దించుకోనీకి నేను కొల్లాపూర్ బస్టాండ్ దాక పోయిన.”

“దించుకున్నరా? జితేందర్ ఇయ్యలేదా మీకు?” అంది నవనీత మామూలుగా.

ఇందిరమ్మ ముఖం మాడ్చుకుంది. “నాకెందుకిస్తడు? కాయ కోసుకున్నోడు పైసలియ్యకపోతే ఎట్లుంటదో నాకు తెల్వదా? నేను కొన్న. ఇగో సూడు.” ఫోన్ చేతికిచ్చింది. నిజమే. ఆట కొన్నప్పుడు స్టోర్ పంపిన రసీదు ఎదురుగా ఉంది.

“కొన్నరా... మరి మీకు వాన పడ్డది గదా పెద్దమ్మా? ఒక్కరే ఆడుకునేటప్పుడు?”

“యాడిది? ఒక్కనాడు గూడ పడలే. నాకేం ఫికర్ లేదు, మంచిగుంది ఆట.”

నవనీత ఆ ఫోన్ మూలన సిగ్నల్ గీతల కోసం వెతికింది. కొన్న మనిషి. తోటలో సిగ్నల్ లేదు. కాపలావాడు స్టోర్‌ను అడిగాడు, జవాబు రాలేదు. జవాబు చెప్పనోడు దొంగే.

ఉదయ్ కిరణ్ కూడా అక్కడికే వచ్చాడు. అతని గొంతు నెమ్మదిగా వచ్చింది. “నవనీతా. స్టోర్‌ల ఫిర్యాదు రాయాలంటె ఆట కొని ఉండాలె గదా. కాపీ ఉన్నోళ్లకు ఆడ రాయనీకి రాదు.”

నవనీత చప్పట్లు కొట్టి పట్టుకున్న దొంగలంతా కొన్నవాళ్లే.

ఆమె ఫోన్‌ను ఇందిరమ్మ చేతిలో పెట్టేసింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. అలాగే షెడ్డు దాటి గుట్ట మీదికి పరుగెత్తింది. రాళ్లు కాలుతున్నా ఆగలేదు. వెనక ఉదయ్ కిరణ్, అతని వెనక జితేందర్, వాళ్ల వెనక ఏం జరుగుతోందో తెలియని జనం. కొసకు చేరగానే ఉదయ్ కిరణ్ ఫోన్ గుయ్యిమంది. హైదరాబాద్‌కు మాట వెళ్లిపోయింది. అతను “పోయింది!” అని గట్టిగా అరిచాడు. కింద ఎవరో చప్పట్లు కొట్టారు.

నవనీతకు అవేవీ వినిపించలేదు. ఫిర్యాదుల పేజీ తెరిచి, పేర్లు చూసుకుంటూ కిందికి జరుపుకుంటూ పోయింది. ప్రతి పేరు కిందా తన జవాబే. అన్నిటికన్నా అడుగున, ఆట విడుదలైన రోజుల్లో, అందరికన్నా ముందు వచ్చిన మాట దగ్గర ఆమె వేలు ఆగింది. తిట్లు లేవు. ఆటకు ఇవ్వగలిగిన నక్షత్రాలన్నీ ఇచ్చి, తప్పులతో, కూడబలుక్కుని రాసినట్టు ఉంది.

“ఆట శాన మంచిగుంది. నా బిడ్డ చేసింది. మొదటి పంట మంచిగొచ్చింది. తర్వాత వాన పడుతలేదు. నేను ఏమన్న తప్పు ఒత్తిన్నా బిడ్డా? జమ్ములమ్మ, గద్వాల.”

దాని కింద నవనీత జవాబు ఉంది.

“దొంగతనంగా ఆడేవాళ్ల ఊళ్లో వానలు పడవు.”

ఆమె ఫోన్ మూసి, కాలే రాయి మీద ఒంటి చెప్పుతో అలాగే నిలబడింది.

“బండి తియ్యి ఉదయ్” అంది.

“వనపర్తికేనా?”

“కాదు. గద్వాలకు.”